ఫేస్‌బుక్‌లో వారం వారం రాయాలనుకునేవాళ్ళకి: మొదటి లైను నుంచి పుస్తకం దాకా

ఫేస్‌బుక్‌లో ఉత్సాహంగా రాయడం మొదలుపెట్టి, కొన్ని నెలలకే చల్లబడిపోయినవాళ్ళు మనందరి ఫ్రెండ్స్ లిస్టులోనూ ఉంటారు. వాళ్ళకి చెప్పడానికి సంగతులు లేక కాదు. ఫేస్‌బుక్ తెరిచి, అందులోనే రాసి, అక్కడికక్కడే పోస్ట్ చేసి, ఆ తర్వాత గంటసేపు లైకులు చూసుకుంటూ కూర్చుంటారు. రెండుసార్లు లైకులు తగ్గేసరికి నీరసం వస్తుంది. మూడోసారి రాయబుద్ధి కాదు.

రాయడం వేరు, పోస్ట్ చేయడం వేరు. ఈ రెండిటికీ మధ్య కనీసం ఒక రాత్రి ఎడం ఉండాలి. నేను మా పేట కబుర్లు, వంటింటి సంగతులు, రైలు ప్రయాణాలు రాస్తుంటాను. విషయం ఏదైనా, ఆగకుండా రాయాలంటే పనికొచ్చే పద్ధతి ఇదే. కింద చెప్పేవన్నీ దీన్నిబట్టి వచ్చినవే.

1. ఏం రాయాలో ముందే కుదించుకోండి

"నాకు తోచిందల్లా రాస్తాను" అని మొదలుపెడితే ఎక్కువ కాలం సాగదు. తోచడం మన చేతిలో ఉండదు కదా. గూగుల్ చూడకుండా పక్కింటాయనతో అరగంట మాట్లాడగలిగే విషయం ఏదో చూసుకోండి. మందుల షాపు నడిపేవారికి కౌంటర్ అవతలి మనుషులుంటారు. ఆర్టీసీ కండక్టర్‌కి రూటంతా కథలే. టీచరుకి స్టాఫ్ రూమ్, పేరెంట్స్ మీటింగ్ చాలు. మీ ఉద్యోగం మీకు బోరు కొట్టినా, బయటివాళ్ళకి అది కొత్త లోకం.

ఒక చిన్న పరీక్ష ఉంది. తెల్లకాగితం మీద ఒకే విడతలో 20 పోస్టులకి పేర్లు రాయండి. పది దాటకముందే పెన్ను ఆగిపోతే విషయం మరీ ఇరుకైనదన్నమాట, లేదా అది మీకు నిజంగా తెలిసింది కాదు. ఇరవై దాటి ఇంకా వస్తుంటే ఏడాదికి సరిపడా సరుకున్నట్టే.

వార్తల మీద స్పందించడం మాత్రం పెట్టుకోకండి. సినిమా విడుదలైనా, ఎన్నికలైనా, క్రికెట్ మ్యాచ్ అయినా ఆ సాయంత్రం వందలమంది అదే రాస్తారు. మీరు ఎంత బాగా రాసినా ఆ గోలలో వినబడదు. పైగా వచ్చే వారానికి అది పాతబడిపోతుంది. కానీ మీ ఊరి సంత గురించి రాసింది మూడేళ్ళ తర్వాత కూడా చదువుకోవచ్చు.

2. తెలుగు టైపింగ్ కుదురు చేసుకోండి

చాలామంది దీన్ని పట్టించుకోరు కానీ, రాసే అలవాటు నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. టైపింగ్ నరకంగా ఉంటే మీ వాక్యాలు పొట్టివవుతాయి, ఓపిక పోతుంది, చివరికి "టైమ్ దొరకట్లేదండీ" అనేస్తారు.

ఫోన్‌లో రాసేవాళ్ళకి గూగుల్ వాళ్ళ కీబోర్డ్ జీబోర్డ్ చాలు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి తొందరగా అలవాటవుతుంది. అయితే అది చూపించే పదాల్లో మొదటిదాన్ని చూడకుండా నొక్కేస్తే ల, ళ, న, ణ తారుమారైపోతాయి. "కళ్ళు" అనుకున్నది "కల్లు" అయిందంటే ఆ పోస్టు కింద కామెంట్లన్నీ దాని మీదే. మైకు నొక్కి మాట్లాడుతూ రాసే పద్ధతి ముడిరాతకి, అంటే మొదటి చిత్తుకి, చాలా బాగుంటుంది. నడుస్తూ, బస్సులో కూర్చుని కూడా చెప్పెయ్యొచ్చు. చుక్కలూ కామాలూ మనమే పెట్టుకోవాలి, ఊరిపేర్లూ ఇంటిపేర్లూ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చేసిచ్చే వెబ్‌సైట్ లేఖినితో మొదలుపెట్టొచ్చు. ఎక్కువ రాయాలనుకుంటే మాత్రం ఒక్కో మీటకీ తెలుగు అక్షరమే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోండి. మొదటి రెండు వారాలు చిరాకుగా ఉంటుంది, తర్వాత చెయ్యి దానంతటదే పోతుంది.

మరీ చిన్నగా కనిపించే ఇంకో ఇబ్బంది. "ఫేస్‌బుక్" అని రాయబోతే "ఫేస్బుక్" అని బ వత్తు పడుతుంది చూశారా? సాఫ్ట్‌వేర్ బదులు సాఫ్ట్వేర్, రాజ్‌కుమార్ బదులు రాజ్కుమార్. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు ఒకటుంది. దాన్ని ఎలా కొట్టాలన్నది కీబోర్డును బట్టి మారుతుంది. అంత గొడవ ఎందుకనుకుంటే, సరిగ్గా రాసి ఉన్నచోటి నుంచి ఆ పదాన్ని కాపీ చేసి, ఫోన్ కీబోర్డులోని పర్సనల్ డిక్షనరీలో ఒక షార్ట్‌కట్ పెట్టుకోండి. మీరు తరచుగా వాడే పదాలు ఓ పదిహేను ఉంటాయి, అంతే. ఈ పని ఓ ఆదివారం చేసేసుకుంటే ఇక దాని ఊసే ఉండదు.

3. ముడిసరుకు పోగేయండి

రాయడానికి కూర్చున్నప్పుడు ఆలోచించడం మొదలుపెట్టకూడదు. అప్పటికే చేతిలో నాలుగు ముక్కలుండాలి. వాట్సాప్‌లో మనకి మనమే మెసేజ్ పెట్టుకునే వీలు 2022 చివర్లో వచ్చింది. నేను చూసినంతలో దీనికంటే తేలికైన నోట్‌బుక్ లేదు, ఎందుకంటే వాట్సాప్ ఎలాగూ తెరిచే ఉంటుంది.

అందులో ఏం రాసుకోవాలన్నదే అసలు సంగతి. "ఈరోజు రైతుబజార్‌లో మంచి సంభాషణ" అని రాసుకుంటే వారం తర్వాత ఏమీ గుర్తురాదు. "పచ్చిమిరపకాయలు కొసరు వేస్తూ ఆవిడ అంది: ఇవి మీకు కాదు, మీ సంచికి" అని రాసుకోండి. మనిషి అన్న మాట, ఉన్నదున్నట్టు. అది ఉంటే మిగతా బజారంతా మీరు మళ్ళీ కట్టెయ్యగలరు. ధర, టైము, బస్సు నంబరు లాంటివి కూడా అప్పుడే రాసుకోవాలి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాసేవి దాదాపు ఎప్పుడూ తప్పే అవుతాయి.

4. రాయండి, కానీ ఫేస్‌బుక్‌లో కాదు

గూగుల్ డాక్స్, కీప్, మామూలు నోట్స్ యాప్, ఏదైనా ఫరవాలేదు. ఫేస్‌బుక్ పెట్టెలో మాత్రం వద్దు. మధ్యలో ఫోన్ వచ్చినా, యాప్ రిఫ్రెష్ అయినా రాసింది పోవచ్చు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏంటంటే, ఆ పెట్టెతోపాటే పోస్ట్ బటన్ ఉంటుంది. అది కళ్ళముందు ఉన్నంతసేపూ ముగించెయ్యాలనే తొందర ఉంటుంది.

వారంలో ఒక పూట పెట్టుకుని రెండో మూడో రాసేయండి. ఎప్పుడు చూసినా మీ దగ్గర నాలుగు పోస్టులు నిలవ ఉండాలి. ఇంట్లో పెళ్ళి వచ్చినా, జ్వరం వచ్చినా, ఆఫీసులో మార్చి నెలాఖరు వచ్చినా ఆ నిలవే ఆదుకుంటుంది. నిలవ రెండుకి పడిపోయిందంటే ఆ వారం పోస్ట్ ఆపండి, రాయడం ఆపకండి.

రాసిన మర్నాడు పైకి చదవండి. గొంతు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం బాగాలేదని అర్థం. ఇంట్లో ఎవరైనా వింటే ఇంకా మంచిది. "ఆ తర్వాత ఏమైంది?" అని వాళ్ళు అడిగినచోట మీరు ఏదో వదిలేశారు. వాళ్ళు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టినచోట మీరు ఎక్కువ రాశారు.

5. మొదటి మూడు లైన్లు

ఫేస్‌బుక్‌లో పొడుగు పోస్టు మొత్తం కనపడదు. కాస్త కనిపించి "సీ మోర్" వస్తుంది. ఆ కాస్తలో పాఠకుడు ఆగాలా పోవాలా తేల్చేసుకుంటాడు. అందుకని ఇక్కడ కొంచెం నిదానిద్దాం.

ఆవకాయ గురించి రాస్తున్నారనుకోండి. మామూలుగా ఇలా మొదలవుతుంది:

"మిత్రులందరికీ శుభోదయం. చాలా రోజుల తర్వాత మీ ముందుకు వస్తున్నాను. వేసవి వచ్చిందంటే చాలు, మన తెలుగువారికి గుర్తొచ్చేది ఆవకాయ. ఆవకాయ లేని తెలుగు ఇల్లు ఉండదంటే అతిశయోక్తి కాదు."

నాలుగు వాక్యాలయ్యాయి. పాఠకుడికి ముందే తెలియనిది ఒక్కటీ లేదు. ఇదే విషయాన్ని ఇలా మొదలుపెట్టి చూడండి:

"మా నానమ్మ ఆవకాయ జాడీ మూత తీసేముందు చెయ్యి కడుక్కునేది, పొడిగుడ్డతో తుడుచుకునేది, ఆ తర్వాత ఇంకాసేపు ఫ్యాన్ కింద పెట్టుకునేది. అంతసేపూ మేం కంచాల ముందు వేడన్నం పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆ ఇంట్లో కరెంటు పోయిన రోజు ఆవకాయ లేదు."

ఇందులో గొప్ప భాషేమీ లేదు. ఒక చెయ్యి, ఒక జాడీ, ఎదురుచూసే పిల్లలు ఉన్నారు. మూడో వాక్యానికి నవ్వొస్తుంది, దానితోపాటు వేలు సీ మోర్ మీదికి వెళ్తుంది. తేమ తగిలితే పచ్చడి బూజు పడుతుందన్న సంగతి మనం చెప్పనే లేదు, కానీ అందరికీ అర్థమైంది.

ఓ చిట్కా: ముడిరాతలో మూడో పేరానో నాలుగో పేరానో తీసి మొదట పెట్టి చూడండి. మన రాతలు సాధారణంగా అక్కడే ప్రాణం పోసుకుంటాయి. ముందున్నదంతా గొంతు సవరించుకోవడం.

నిడివి సంగతి. ఫేస్‌బుక్ ఒక్క పోస్టులో 63,206 క్యారెక్టర్లు ఒప్పుకుంటుంది, అంటే హద్దు లేనట్టే. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కి 2,200. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) మామూలు ఖాతాకి 280. ఇక్కడ తెలుగువాళ్ళకి ఓ మెలిక ఉంది. ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలు దాచుకునే యూనికోడ్ పద్ధతిలో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు దేనికవే లెక్క. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరమే, ఎక్స్ లెక్కలో ఆరు. అందుకే ఇంగ్లీషులో సరిపోయే మాట తెలుగులో రాసేసరికి ఎక్స్‌లో ఇరుకైపోతుంది. పేట కబుర్లకీ జ్ఞాపకాలకీ నా ఓటు ఫేస్‌బుక్‌కే. ఫోన్ స్క్రీన్ మీద మూడు నాలుగుసార్లు వేలితో తోస్తే అయిపోయేంత ఉంటే హాయిగా చదువుతారు. పేరాకీ పేరాకీ మధ్య ఖాళీ లైను వదలండి. రంగుల బ్యాక్‌గ్రౌండ్ జోలికి వెళ్ళకండి, అది శుభాకాంక్షలకి బాగుంటుంది.

6. పోస్ట్ చేసేటప్పుడు చూసుకోవాల్సినవి

టైము గురించి ఎవరి సిద్ధాంతం వాళ్ళది. నాకు తెలిసిన సూటి లెక్క ఒకటే. మీ పాఠకుల్లో అమెరికాలో ఉన్నవాళ్ళు ఎక్కువైతే, మన ఉదయం 7 గంటలంటే డల్లాస్‌లో ముందురోజు సాయంత్రం 7:30, వాళ్ళ ఎండాకాలంలో 8:30. వాళ్ళు భోజనాలు చేసి ఫోన్ పట్టుకునే వేళ, ఇక్కడివాళ్ళు కాఫీతో కూర్చునే వేళ. ఒక్క పోస్టు రెండుచోట్లా అందుతుంది. ఏ రోజు, ఎన్ని గంటలకి అన్నది మార్చకుండా పెట్టుకుంటే ఎదురుచూసేవాళ్ళు కొందరు తయారవుతారు.

పోస్ట్ నొక్కేముందు పబ్లిక్‌లో ఉందా, ఫ్రెండ్స్‌కేనా చూసుకోండి. ఒకసారి మార్చితే తర్వాతి పోస్టుకీ అదే ఉండిపోతుంది. ఫ్యామిలీ ఫొటోకి పెట్టిన ఫ్రెండ్స్ ఓన్లీ మీ కథకీ అంటుకుంటే, ఎవరూ షేర్ చేయలేదేంటా అని తల పట్టుకోవాల్సి వస్తుంది. ఫ్రెండ్స్ 5,000 దగ్గర ఆగిపోతారు కాబట్టి, ఫాలో అయ్యే వీలు మొదటినుంచీ తెరిచి ఉంచడం మంచిది. అచ్చుతప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. కానీ మార్పుల చరిత్ర ఎవరైనా తెరిచి చూడొచ్చని గుర్తుంచుకోండి. కోపంలో రాసిన వాక్యం తీసేసినా అక్కడ మిగిలే ఉంటుంది.

7. మనుషుల గురించి రాసేటప్పుడు

పేరు మారిస్తే చాలనుకుంటాం. చాలదు. ఊరు, వీధి, వృత్తి, ఎంతమంది పిల్లలో చెబితే మన ఊళ్ళలో మనిషి ఐదు నిమిషాల్లో దొరికిపోతాడు. "మా వీధి చివర టైలర్, రెండో అబ్బాయి కెనడాలో" అన్నాక ఇంక పేరెందుకు? మంచి చెప్పేటప్పుడు కూడా అడిగి రాయండి. వాళ్ళు కష్టంలో ఉన్నప్పటి సంగతైతే తప్పకుండా అడగండి. "అక్కా, మొన్న మీరు చెప్పింది రాసుకోనా?" అంటే చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు. వద్దంటే వద్దు. మన పిల్లల ముచ్చట్లకీ ఇదే పద్ధతి. ఇప్పుడు నవ్వించే సంగతి వాడు ఇంటర్‌కి వచ్చాక కాలేజీలో వాడిని ఏడిపించొచ్చు.

చట్టం కూడా కాస్త తెలిసుండాలి. సోషల్ మీడియా పోస్టులకి అరెస్టులు చేసేందుకు వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. అలాగని నోటికొచ్చింది రాయొచ్చని కాదు. పరువునష్టం ఇంకా నేరమే. 2024 జూలై 1 నుంచి అది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, రెండేళ్ళ దాకా సాధారణ జైలుశిక్ష పడొచ్చు. ఒక ఆసుపత్రి మీద, స్కూలు మీద కోపం వచ్చినప్పుడు ఆ రాత్రి ఎడం ఎంత విలువైనదో అప్పుడు తెలుస్తుంది.

8. కామెంట్లు

నలభైమందికీ వరసపెట్టి "ధన్యవాదాలండీ" అని కొట్టడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. తన సంగతి చెప్పినవాళ్ళకి జవాబివ్వండి. "మా కాకినాడలో దీన్ని వేరేలా చేసేవారు" అని ఒకాయన అంటే, ఎలా చేసేవారో అడగండి. వచ్చే నెల పోస్టు అక్కడే పుడుతుంది. మనం రాసినదానికంటే కామెంట్లు బాగున్న రోజులూ ఉంటాయి, వాటినీ కాపీ చేసి దాచుకోండి.

గొడవ పెట్టుకునేవాళ్ళకి ఒకసారి జవాబు చెప్పండి. రెండోసారి వివరించండి. మూడోసారి ఊరుకోండి, ఎంత మంచి డైలాగ్ నోటిదాకా వచ్చినా సరే. బంధువుల కామెంట్లు వేరే లోకం. "ఏరా, చిక్కిపోయావు, తింటున్నావా?" అని పెద్దమ్మ గంభీరమైన వ్యాసం కింద రాస్తుంది. "తింటున్నాను పెద్దమ్మా" అనాలి, అంతే.

9. "సేకరణ" అని కింద కనిపించినప్పుడు

మీ పోస్టు బాగా నడిచిందంటే, కొద్దిరోజులకి మీ పేరు లేకుండా మీ ఫ్యామిలీ గ్రూపులోకే వచ్చి చేరుతుంది. కింద "సేకరణ" అనో "ఒక మిత్రుడు పంపినది" అనో ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచీ ఆ రాత మీదే. రిజిస్టర్ చేయించనక్కర్లేదు. హక్కు మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. ఫేస్‌బుక్‌లో ఎవరైనా తమదిగా పెట్టుకుంటే రిపోర్ట్ చేసే ఫారం ఉంది, పనిచేస్తుంది కూడా. వాట్సాప్‌లో మాత్రం ఎవరి వెనకా పరిగెత్తలేం.

పేరు చివర పెడితే దాన్ని కత్తిరించడం ఎంతసేపు? రాత లోపలే మీ గుర్తు ఉండనివ్వండి. మీ వీధి పేరు, అన్నయ్య మిమ్మల్ని పిలిచే ముద్దుపేరు, ఎవరో మిమ్మల్ని ఇంటిపేరుతో కేకేసిన డైలాగ్. దాన్ని తీస్తే కథ కుంటుతుంది కాబట్టి దొంగ కూడా వదిలేస్తాడు. తేదీ వేసిన కాపీ మీ దగ్గరుంటే మిగతాది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

10. దాచుకోవడం

అందరూ రేపు చేద్దాంలే అనుకునే పని ఇదే. ఒకప్పుడు ఫేస్‌బుక్ లాగే నడిచిన ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న. ఫేస్‌బుక్ ఉంది కదా అంటారేమో. అందులోనే నోట్స్ అని పొడుగు రాతల కోసం ఒక చోటు ఉండేది, తెలుగులో కథలూ వ్యాసాలూ బోలెడుమంది అక్కడే రాసుకున్నారు. 2020 అక్టోబర్ 31 తర్వాత అందులో కొత్తవి రాసే వీలు తీసేశారు. 2025 ఫిబ్రవరి నుంచి కొత్త లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటున్నాయి. స్థలం వాళ్ళది, రూల్స్ వాళ్ళవి. ఖాతా హ్యాక్ అయితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మూడు నెలలకోసారి ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో ఉండే అకౌంట్స్ సెంటర్‌లోకి వెళ్ళి మీ సమాచారం డౌన్‌లోడ్ చేసుకోండి. అన్నీ అక్కర్లేదు, పోస్టులు మాత్రం ఎంచుకుంటే ఫైలు చిన్నగా వస్తుంది. ఫార్మాట్ అడిగినప్పుడు హెచ్‌టీఎమ్‌ఎల్ అనండి. జేసన్ తీసుకుంటే తెలుగు అక్షరాల బదులు స్లాష్‌లూ సున్నాలూ కలిసిన కోడ్ కనిపిస్తుంది. దాన్ని తిరిగి తెలుగు చేయాలంటే చిన్న ప్రోగ్రామ్ రాయాలి, లేదా రాయగల మేనల్లుడు ఉండాలి. డౌన్‌లోడ్ లింకు కొన్ని రోజులే ఉంటుంది కాబట్టి మెయిల్ రాగానే దించేసుకోండి.

దానితోపాటు బ్లాగర్‌లోనో వర్డ్‌ప్రెస్‌లోనో ఉచిత బ్లాగు ఒకటి తెరిచి, నచ్చినవి అక్కడ కూడా పెట్టండి. తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకేచోట చూపించే కూడలి, మాలిక లాంటి సంకలినుల రోజుల్లో ఉన్నంత సందడి ఇప్పుడు బ్లాగుల్లో లేదు, నిజమే. కానీ ఫేస్‌బుక్‌లో రెండేళ్ళ కిందటి పోస్టు వెతకడం గడ్డివాములో సూదిని వెతకడమే. బ్లాగులో అయితే గూగుల్ వెతికి ఇస్తుంది. పాఠకులు ఇక్కడ, బీరువా అక్కడ.

11. రాయని వారాలు

"కొన్నాళ్ళు విరామం తీసుకుంటున్నాను" అని ప్రకటించకండి. ఆ పోస్టుకి వచ్చినన్ని కామెంట్లు మీ మంచి కథకి కూడా రావు, అది ఇంకా బాధ. చెప్పకుండా ఆగండి, చెప్పకుండా మొదలుపెట్టండి.

లైకులు చూడొద్దని చెబితే ఎవరూ వినరు. కనీసం పోస్ట్ చేశాక ఫోన్ పక్కగదిలో పెట్టి, గంటాగి చూడండి. లైకుల కంటే షేర్లు, షేర్ల కంటే ఇన్‌బాక్స్‌లో వచ్చే పొడుగు మెసేజ్‌లు నమ్మదగ్గవి.

12. పుస్తకం వేద్దామనుకుంటే

డిసెంబర్‌లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో వెళ్తే ఫేస్‌బుక్‌లో పుట్టిన పుస్తకాలు స్టాళ్ళలో కనిపిస్తాయి. మీకూ ఆ కోరిక ఉంటే తప్పులేదు. ఉన్నవన్నీ కుట్టేసి పుస్తకం అనకండి. సగం పక్కన పెట్టాల్సి వస్తుంది. లైకులు చూసి కాకుండా, తేదీ తెలియకుండా చదివితే నిలబడేవి ఎంచుకోండి. "మొన్న చెప్పాను కదా", "కింద ఫొటో చూడండి", "నిన్నటి పోస్టుకి స్పందించిన అందరికీ" లాంటివి ఏరి తీసెయ్యండి. ఒకే జ్ఞాపకం మూడు పోస్టుల్లో వచ్చి ఉంటుంది, బాగున్నచోట ఉంచి మిగతా రెండిటిలో కొట్టెయ్యాలి.

ప్రెస్‌కి ఇచ్చేముందు డీటీపీ వాళ్ళు యూనికోడ్‌లోనే పేజీలు కడతారా, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మారుస్తారా అడగండి. మారుస్తామంటే, మార్చిన తర్వాతి ప్రూఫే మీరు దిద్దాలి. మీ ఫైల్ ఎంత శుభ్రంగా ఉన్నా లెక్కలోకి రాదు. వత్తులున్న పదాలు, పొల్లుతో ఆగే ఇంగ్లీషు మాటలు, కొటేషన్ గుర్తులు, అంకెలు ముందు చూడండి, తేడాలు ఎక్కువగా వచ్చేది వాటిలోనే. ఆ ప్రూఫ్‌ని స్క్రీన్ మీద కాకుండా కాగితం మీద ప్రింటు తీయించి, ఎర్రపెన్నుతో దిద్ది ఇవ్వండి.